లేబుల్ లేని సీసాలు

డాక్టరమ్మ అడిగింది ఒక్కటే ప్రశ్న. "ఏ మందు?"

మా బావ మంచం వైపు చూశాడు. మంచం మీద మా అక్క బోర్లా పడుకుని ఉంది. వీపుకి అంటుకుపోయిన జాకెట్టుని నర్సు నీళ్ళతో తడుపుతూ కత్తెరతో కొద్దికొద్దిగా కోసి తీస్తోంది. భుజాల కింద నుంచి నడుం దాకా చర్మం కందిపోయి, అక్కడక్కడా బొబ్బలు చితికి పచ్చిగా ఉంది. అక్కకి ఊపిరి పైపైనే ఆడుతోంది. ఒక మాట అంటే రెండో మాటకి ఆగాల్సి వస్తోంది.

"గడ్డి మందండీ" అన్నాడు బావ చివరికి.

"గడ్డి మందుల్లో సవాలక్ష రకాలున్నాయి. పేరు చెప్పండి. సీసా తెచ్చారా?"

బావ సంచిలోంచి సీసా తీసి ఇచ్చాడు. ఆకుపచ్చ సీసా, మెడకి తెల్ల దారం. డాక్టరమ్మ దాన్ని చుట్టూ తిప్పి చూసింది. అడుగు కూడా చూసింది. నున్నగా ఉంది.

"దీని లేబుల్ ఏదీ?"

"తీసేశానండీ."

"ఎందుకు?"

బావ నా వంక చూశాడు. నేను గోడ వంక చూశాను. ఆ ఎందుకు అన్నదానికి జవాబు ఆవిడకి చెప్పడం ఆయన వల్ల కాలేదు. మీకు నేను చెబుతాను.

మా బావని ఎవరూ పేరు పెట్టి పిలవరు. అందరికీ ఆయన కషాయం. ఆకు ముడుచుకుపోతే కషాయానికి కబురు పెడతారు, కాయకి పుచ్చు పడితే కషాయానికి కబురు పెడతారు. ఊళ్ళ మీద తిరిగి, ఎవరు పిలిస్తే వాళ్ళ చేలో మందు కొట్టడం ఆయన పని. వీపున పంపు తగిలించుకుని, ఈల వేసుకుంటూ చేలోకి దిగే మనిషిని చూస్తే రైతులకి సగం బెంగ తీరిపోయేదట. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

నేను దర్జీని. ఆయన మా అక్క మొగుడు. బావా బావమరుదులం కాబట్టి ఒకరినొకరు ఆటపట్టించుకోవడానికి మాకు లైసెన్సు అక్కర్లేదు. పెళ్ళయిన కొత్తలోనే దళసరి ప్లాస్టిక్ గుడ్డతో మెడ నుంచి మోకాళ్ళ దాకా వచ్చే తొడుగు ఒకటి కుట్టి, మందు కొట్టేటప్పుడు వేసుకోమని ఇచ్చాను. తర్వాత చూస్తే అది ఆయన మోటారు సైకిల్ సీటు మీద పరిచి ఉంది. వానకి సీటు తడవడం లేదురా బావమరిదీ, భలే కుట్టావు అన్నాడు. చేతికి తొడుగులు వేసుకుంటే పంపు పిడి పట్టు చిక్కదంటాడు. ముక్కుకి గుడ్డ కట్టుకుంటే ఈల రాదంటాడు. పంపు మూతిలో నలక అడ్డం పడితే ఆ మూతి విప్పి, నోట్లో పెట్టుకుని ఉఫ్ మని ఊదేవాడు. ఊదిన నోటితోనే "ఏమైంది? ఏమన్నా అయిందా?" అని నన్ను వెక్కిరించేవాడు. ఏమీ కాలేదు కాబట్టి నా నోరు మూతపడేది.

అన్నిటికంటే పెద్ద పిచ్చి లేబుళ్ళది. ఈ పని చేసేవాళ్ళందరికీ ఆ పిచ్చి కాస్తో కూస్తో ఉంది, మా బావకి తలకెక్కింది. ఎవరి కలపు వాళ్ళది. దేన్లో ఏది ఎంత పోశారో పక్కవాడికి తెలిస్తే బేరం అటు పోతుందని భయం. అందుకని మందు ఇంటికి రాగానే మా బావ చేసే మొదటి పని, సీసాలన్నీ తొట్టిలో నానబెట్టి, లేబుళ్ళు గోటితో గీకి, పొయ్యిలో పడెయ్యడం. ఒక్కోసారి పురుగుమందుల కొట్టాయన దగ్గరే లేబుల్ లేకుండా పెద్ద డ్రమ్ములోంచి పోయించుకునేవాడు. ఆ తర్వాత మెడకి దారాలు. ఎర్ర దారం పురుగుకి, నల్ల దారం తెగులుకి, తెల్ల దారం గడ్డికి. ఆ దారాలు నా కొట్టులోవే.

ఏం వేసుకుని కొట్టాలో, ఒంటి మీద పడితే ఏం చెయ్యాలో, మనిషి పడిపోతే డాక్టరు ఏం ఇవ్వాలో, అన్నీ ఆ లేబుల్ మీదే ఉంటాయి బావా అని చెవినిల్లు కట్టుకుని పోరాను. "చదివితే వచ్చే విద్య కాదురా ఇది. వాసన చూసి చెబుతా ఏది ఏమిటో" అనేవాడు. పక్కనుంచి అక్క "ఆ ముక్కు ఉంది కాబట్టే నన్ను కట్టుకున్నాడు, కళ్ళుంటే కట్టుకునేవాడా" అనేది. ముగ్గురం నవ్వేవాళ్ళం. వాళ్ళకి పిల్లలు లేరు. ఉన్న ముద్దంతా ఒకళ్ళ మీద ఒకళ్ళు వెటకారంగానే చూపించుకునేవాళ్ళు.

మందు కలపడం, నీళ్ళు మోయడం అక్క పని. పంపు మొయ్యడం బావ పని. ఈమధ్య బావకి భుజం పట్టేసింది, చెయ్యి పైకి లేవడం లేదు. గట్ల మీద గడ్డి మాడ్చే పని ఒప్పుకుని ఉన్నాడు. గట్ల పనేగా, తేలిక, నేను మోస్తాలే అంది అక్క. ఆ పంపు మూత దగ్గర రబ్బరు వాచరు ఎప్పుడో అరిగిపోయింది. కొత్త వాచరు వెయ్యడం పోయి, మూత చుట్టూ పాత గుడ్డ చుట్టి బిగించి కట్టాడు బావ. అందరూ అలాగే కడతారు. కారేది కింద పడకుండా ఆ గుడ్డ పీల్చుకుంటుంది, నిజమే. కానీ పీల్చుకున్నదంతా మోసేవాళ్ళ వీపుకి తగులుతూనే ఉంటుంది. వంగినప్పుడల్లా ఇంకాస్త. మధ్యాహ్నం మొదలుపెడితే పొద్దు వాలేదాకా అక్క ఆ తడి జాకెట్టుతోనే నడిచింది. పని అయ్యాక ఒకేసారి స్నానం చేద్దాంలే అనుకుంది.

మర్నాటికి వీపు మండింది. చెమటకాయలు అనుకుంది. పౌడరు చల్లుకుని, పచ్చి పుండు మీదే మళ్ళీ అదే పంపు వేసుకుంది. పని పూర్తయ్యేదాకా రోజూ అంతే. బావకి చెప్పలేదు. చెబితే భుజం నొప్పితో తను ఎత్తుకుంటాడని.

నా కొట్టు మేడ మీద. ఆసుపత్రికి వచ్చిన రోజు పొద్దున అక్క మెట్లెక్కి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. "ఏరా" అంది. తర్వాత మాట రాలేదు. పెదవులు పాలిపోయి ఉన్నాయి. పొద్దుటి నుంచి వాంతులవుతున్నాయని చేత్తో సైగ చేసింది. కుడుతున్న బట్ట మిషను మీదే వదిలేసి లేచాను.

అదీ సంగతి. ఇప్పుడు డాక్టరమ్మ ఎదురుగా నున్నటి సీసా పట్టుకుని నిలబడ్డాం.

ఆవిడ మమ్మల్ని వరండాలోకి తీసుకొచ్చింది. "గడ్డి మందుల్లో చాలావాటికి ఒళ్ళు బాగా కడిగి, పుండుకి వైద్యం చేసి ఇంటికి పంపేస్తాను. ఒక రకం ఉంది. అది ఒంట్లోకి దిగిందంటే ఊపిరితిత్తులని పట్టుకుంటుంది. అదే అయితే నేను ఇప్పుడు ఆక్సిజన్ పెట్టకూడదు. పెడితే ఇంకా తొందరగా పాడవుతాయి. అది కాకపోతే పెట్టి తీరాలి. పరీక్షకి పెద్దాసుపత్రికి పంపాను, రేపటికి గానీ రాదు. అందాకా ఆవిడ ఊపిరి కాచుకుని కూర్చోదు కదా. చెప్పండి, పెట్టనా, వద్దా?"

బావ ఆవిడ కాళ్ళ మీద పడిపోయాడు. "పెట్టండమ్మా. పక్క మంచం ముసలాయనకి పెట్టారు కదమ్మా. మా ఆవిడకి ఊపిరాడటం లేదమ్మా, పెట్టండి."

"లేవండి. నన్ను కాదు, ఆ సీసా అమ్మినవాణ్ణి పట్టుకోండి. పేరు కావాలి నాకు."

నా బండి మీద బయల్దేరాం. బావ వెనక కూర్చుని సీసాని రెండు చేతులా పట్టుకున్నాడు. దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు. నాతో కాదు. "తేలికపాటిదే. తేలికపాటిదే అయ్యుంటుంది. గడ్డి మాడటానికి రెండ్రోజులు పట్టింది కదా. కాదు, మర్నాటికే మాడింది. మర్నాటికే మాడిందేమిట్రా దేవుడా." నేను బండి ఆపి ఆయన చెంప ఛెళ్ళుమనిపించాలని ఉంది, ఆయన్ని పట్టుకుని ఏడవాలని ఉంది. రెండిటికీ తీరిక లేదు.

పురుగుమందుల కొట్టాయన మమ్మల్ని చూసి నవ్వుతూ "రావోయ్ కషాయం" అన్నాడు. బావ సీసా బల్ల మీద పెట్టి సంగతి చెప్పాడు. ఆయన నవ్వు ఆగిపోయింది. సీసా ముట్టుకోలేదు.

"ఇది మామూలుదేనయ్యా. తేలికపాటిది. అందరూ కొట్టేదే."

"పేరు చెప్పు అన్నా. డాక్టరమ్మ అడుగుతోంది."

"పేరంటే... డ్రమ్ములో వచ్చింది. చూడాలి. రేపు చూసి చెబుతా."

నీళ్ళు నములుతున్నాడు. కళ్ళు మాత్రం వెనక గది వైపు పోతున్నాయి. నేను తడికె తోసుకుని వెళ్ళాను. పట్టా కప్పిన డ్రమ్ము ఒకటి మూలన ఉంది. పట్టా లాగాను. దాని మీద ఉండాల్సిన కాగితం కూడా చింపేసి ఉంది. జిగురు మరకలు మాత్రం మిగిలాయి.

"దీని మీద కాగితం ఏదయ్యా?" అని అరిచాను.

"లేబుల్ వద్దని పోయించుకెళ్ళింది మీ బావే కదా! నన్నంటావేం? నేను ఆ రోజే ఇస్తానంటే వద్దన్నాడు. అడుగు!"

బావ తల వంచుకున్నాడు. కానీ ఆయన కొట్టు వదిలి కదల్లేదు. చేతులు కడుక్కోవడానికి గుమ్మం పక్కన పెట్టిన ప్లాస్టిక్ బేసిను తెచ్చి బల్ల మీద పెట్టాడు. సీసా మూత తీసి మందు దాంట్లో వంచాడు. మనకెందుకు వచ్చిన గొడవ అన్నట్టు కొట్లో ఉన్న ఇద్దరు రైతులు మెల్లిగా బయటికి నడిచారు.

"తేలికపాటిదే అన్నావుగా అన్నా. అయితే దీంట్లో చెయ్యి పెట్టు."

"నాకేం ఖర్మ?"

"మా ఆవిడ వీపంతా పెట్టింది. నువ్వొక చెయ్యి పెట్టలేవా?"

కొట్టాయన కుర్చీ వెనక్కి జరిపాడు. ముఖాన చెమట పట్టింది. బావ చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడిచాడు.

"సరే, నేనే పెడతా. నువ్వు పేరు చెప్పేదాకా తియ్యను."

బెదిరింపు కాదది. ఆ మనిషి కళ్ళు నేను చూశాను. నేను బల్ల చుట్టూ తిరిగి ఆయన్ని చేరేలోపే చెయ్యి బేసిను మీదికి వెళ్ళింది. వేళ్ళ నిండా పగుళ్ళు. కొట్టాయన ఎగిరి బల్ల మీద పడి ఆ మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దురా! చేతికి పగుళ్ళున్నాయిరా! వద్దు!"

అప్పుడు చెప్పాడు. దాన్ని అమ్మొద్దని పైనుంచి ఉత్తరువులు వచ్చాయట. మిగిలిన డ్రమ్ము పారబొయ్యడానికి మనసొప్పలేదట. నేను డాక్టరమ్మకి ఫోను కలిపి ఆయన చేతికిచ్చాను. పేరు ఆయన నోటితోనే చెప్పించాను, అక్షరం అక్షరం. ఎంత చిక్కటిదో కూడా చెప్పించాను. చెడామడా తిట్టాలని నోటిదాకా వచ్చింది. బావ అప్పటికే బండి దగ్గర నిలబడి "రా రా, తొందరగా రా, పేరు దొరికిందిగా, ఇక వైద్యం మొదలెడతారు" అంటున్నాడు. పేరు దొరికితే అక్క దొరికినట్టే అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

ఆసుపత్రికి వెళ్ళేసరికి అక్క ఒళ్ళంతా సబ్బుతో కడిగి, శుభ్రమైన బట్ట వేసి, పక్కకి తిప్పి పడుకోబెట్టారు. సెలైను ఎక్కుతోంది. ఆక్సిజన్ గొట్టం మాత్రం గోడకే వేలాడుతోంది. డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది.

"ఆ రకమే" అంది. "పేరు తెలియడం మంచిదైంది. తెలియకుండా ఆక్సిజన్ పెట్టి ఉంటే ఇంకా త్వరగా ముంచేవాళ్ళం. కానీ దీనికి విరుగుడు లేదు. రక్తం శుభ్రం చేసే పద్ధతులున్నాయి, అవి మొదటి పూటల్లో చెయ్యాలి. ఈవిడ ఒంట్లోకి రోజుల తరబడి దిగింది. పెద్దాసుపత్రి వాళ్ళతో మాట్లాడాను. వాళ్ళూ అదే అన్నారు."

"మరి ఆక్సిజన్ ఎప్పుడూ పెట్టరా?"

"పెడతాను. ఇక ఊపిరితిత్తుల్లో కాపాడుకోవాల్సింది ఏమీ మిగల్లేదనుకున్నప్పుడు, ఆయాసం కాస్త తగ్గడానికి పెడతాను. మీ బావగారికి మీరే నెమ్మదిగా చెప్పండి."

వరండాలో బెంచీ మీద కూలబడ్డాను. బావ పరిగెత్తుకొచ్చాడు. "ఏమంది? ఆక్సిజన్ ఎందుకు పెట్టలేదు?"

"ఇప్పుడు పెడితే చెడుతుందట బావా. తర్వాత పెడతారట."

చెప్పింది అబద్ధం కాదు. సగం. మిగతా సగం నా నోట రాలేదు. ఆ ‘తర్వాత’ అనే మాటని ఆయన గట్టిగా పట్టుకున్నాడు.

ఆ మందు పాడుగాను, మనిషి తెలివిని మాత్రం ముట్టుకోలేదు. స్పృహ తప్పి ఉంటే బాగుండేది అని సొంత అక్క గురించి అనుకోవాల్సి వచ్చింది నాకు. అక్కకి అన్నీ తెలుస్తున్నాయి. అందర్నీ గుర్తుపడుతోంది. మూలన ఉన్న గోడ గడియారం ఆగిపోయిందని నర్సుని దెబ్బలాడింది. మొదట్లో వాక్యం చెప్పేది, తర్వాత మాటలు, ఆ తర్వాత ఒక్కో ముక్క. నోరంతా పూసింది, గుటక పడటం లేదు. ఒకసారి బావని దగ్గరికి పిలిచి "గడ్డి అనుకున్నావా నన్ను" అంది. నవ్వించాలనే అంది. బావ మంచం కోడు పట్టుకుని కింద కూర్చుండిపోయాడు. అక్క చెయ్యి చాచి ఆయన జుట్టులో వేళ్ళు పెట్టింది. అలా ఎంతసేపు ఉన్నారో నేను చూడలేక బయటికి వచ్చేశాను.

ఆయన ఇంటికి పోలేదు. తినమంటే తినలేదు. పక్క మంచం వాళ్ళకి పెట్టిన ఆక్సిజన్‌కి తగిలించిన నీళ్ళ డబ్బాలో బుడగలు లేస్తుంటే వాటినే చూస్తూ కూర్చునేవాడు. నర్సు కనిపిస్తే చాలు "మాకెప్పుడమ్మా?" అని అడిగేవాడు. ఆ పిల్ల ముఖం తిప్పుకుని వెళ్ళిపోయేది. చూడటానికి తోటి పంపు మనిషి ఒకాయన వచ్చాడు. ఇద్దరికీ ఎప్పుడూ ఉప్పూ నిప్పూ. అలాంటివాణ్ణి వరండాలో ఆపి, అడక్కుండానే మా బావ తన కలపంతా చెప్పడం మొదలుపెట్టాడు. ఎర్ర దారంది ఇంత, నల్ల దారంది ఇంత, ఏ పురుగుకి ఏది, ఏ పూట కొట్టాలి. ఇన్నాళ్ళూ ప్రాణంలా దాచుకున్నది ఒలకబోసినట్టు ఒలకబోశాడు. "అన్నీ నువ్వే తీసుకో. లేబుళ్ళు మాత్రం పీకకు. మీ ఇంట్లో ఆవిడ చేత మొయ్యించకు. వాచరు మార్పించు. ఇవాళే మార్పించు." వచ్చినాయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అలా కొన్ని రోజులయ్యాక ఒక పొద్దున నేను టీ పట్టుకుని వచ్చేసరికి డాక్టరమ్మ అక్క మంచం దగ్గరే ఉంది. అక్క ఎగపోస్తోంది. గొంతు కింద గుంట పడుతోంది ఊపిరి తీసినప్పుడల్లా. గోళ్ళు నీలంగా ఉన్నాయి. డాక్టరమ్మ నాడి చూసింది, ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. లేచి నా వైపు ఒక్కసారి చూసి, నర్సుతో మెల్లగా చెప్పింది.

"ఆక్సిజన్ పెట్టండి."

నా చేతిలో గ్లాసు ఒలికి వేళ్ళు కాలాయి. బావ గబుక్కున లేచాడు. ఇన్ని రోజుల్లో ఆ ముఖంలో వెలుగు చూడటం అదే.

"విన్నావురా? ఆక్సిజన్ పెడుతున్నారు! చెప్పారు కదా తర్వాత పెడతామని, పెడుతున్నారు!" నా భుజాలు పట్టుకుని ఊపేశాడు. నర్సుకి అడ్డం పడి గొట్టం చిక్కు తనే విప్పాడు. అక్క ముఖానికి మాస్కు పెడుతుంటే, జుట్టు అడ్డం రాకుండా రెండు చేతులా వెనక్కి దువ్వాడు. డబ్బాలో బుడగలు లేచాయి. "చూడవే, మనకీ వచ్చింది. ఇక తగ్గిపోతుంది. హాయిగా గాలి పీల్చు."

అక్క మాస్కు మీదుగా నా వైపు చూసింది. నేను ఏడుపు ఆపుకోవాలని చూశాను, నా వల్ల కాలేదు. ఆవిడకి అర్థమైపోయింది. చిన్నప్పటి నుంచీ నా ముఖంలో ఏదీ ఆవిడ దగ్గర దాగలేదు. నోరు మూసుకోమన్నట్టు నాకేసి కనుబొమలు ముడిచింది. తర్వాత మెల్లగా తల ఆయన వైపు తిప్పుకుంది.

"ఎలా ఉంది? తేలిగ్గా ఉందా?" అని అడుగుతున్నాడు ఆయన, ఆవిడ నోటి దగ్గరికి చెవి పెట్టి.

"ఆ" అంది అక్క. "హాయిగా ఉంది."